ఇంటి కరెంటు లెక్క: ఏ సర్టిఫికెట్టు ఎవరికి?

75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22.5 యూనిట్లు కాలుతుంది. 28 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానుకైతే 8.4 యూనిట్లే. పలాసలోనైనా, ఉద్దానం పల్లెలోనైనా ఇంటింటా ఇలా లెక్కగట్టి పొదుపు దారి చూపడమే ఎనర్జీ ఆడిట్.

దీనికి ఏ శిక్షణ కావాలి? 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ప్రకారం 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బి.ఇ.ఇ.) ఏర్పడింది. అది జరిపే జాతీయ పరీక్షలో ఎనర్జీ మేనేజరుకు 3, ఆడిటరుకు 4 పేపర్లు. ఆడిటరు కావాలంటే చదువుతో పాటు అనుభవం తప్పనిసరి: ఇంజనీరింగ్ డిగ్రీవారికి 3 ఏళ్ళు, డిప్లొమావారికి 6 ఏళ్ళు. ఇది ముఖ్యంగా ఫ్యాక్టరీలకు, పెద్ద భవనాలకు పనికొచ్చే అర్హత. ఇళ్ళ కోసం బి.ఇ.ఇ. 2021 డిసెంబరులో హోమ్ ఎనర్జీ ఆడిట్ కోర్సు ప్రారంభించింది. ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని తెచ్చిన కోర్సు ఇది.

కాబట్టి పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియనో, పాలిటెక్నిక్కో చేరడం మంచి పునాది. కోచింగ్ సెంటరు ఇచ్చే కాగితం బి.ఇ.ఇ. సర్టిఫికెట్టు కాదు. ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్టు ఇచ్చేదెవరు? పరీక్షకు నాకు ఇప్పుడే అర్హత ఉందా? మీటరు చేతికిచ్చి నేర్పుతారా? అమ్మ జీడిపిక్కలు ఒలిచి తెచ్చిన డబ్బుకు సరైన జవాబు రావాలి కదా!

ఈ రోజే మన హాస్టల్ మీటరు రీడింగు రాసుకోండి. మొదటి పాఠం అదే.