నీటి నడుమ నిలకడ

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపం దగ్గర పగడపు దిబ్బల మీదుగా ఈదాలనుకునే స్కూబా డైవర్‌కు ముందు పట్టుబడాల్సిన విద్య ఒకటుంది. అది మునగకుండా, తేలకుండా నీటి నడుమ నిలవడం. అది రాకపోతే కాలి ఫిన్ ఒక్కసారి తగిలినా ఏళ్ల తరబడి పెరిగిన పగడపు కొమ్మ విరిగిపోతుంది.

ఈ నిలకడకు మూలం ఆర్కిమెడిస్ సూత్రమే. సిలిండరు, సరంజామాతో కలిపి డైవర్ బరువు 100 కిలోలనుకుందాం. అతని వల్ల పక్కకు తొలగిన నీటి బరువూ 100 కిలోలే అయితే, ఉన్నచోటే నిలుస్తాడు. సముద్రపు నీరు లీటరుకు దాదాపు 1.025 కిలోలు తూగుతుంది. అందుకే మునగడానికి కట్టుకునే సీసపు బరువులు ఈతకొలనులో సరిపోయినా, వాటికి సముద్రంలో మరో రెండున్నర కిలోల పైచిలుకు కలపాలి.

లోతు మారితే ఈ లెక్కా మారుతుంది. నీటిపైన 1 వాతావరణంగా ఉన్న పీడనం 10 మీటర్ల లోతులో 2, 20 మీటర్లలో 3 అవుతుంది. బాయిల్ నియమం ప్రకారం, తేలడానికి గాలి నింపుకునేలా డైవర్ తొడుక్కున్న జాకెట్‌లోని 6 లీటర్ల గాలి 10 మీటర్ల దగ్గర 3 లీటర్లకు, 20 మీటర్ల దగ్గర 2 లీటర్లకు కుంచించుకుపోతుంది. మొదటి పది మీటర్లలో 3 లీటర్ల తేడా, తర్వాతి పదిలో ఒక్క లీటరే. అందుకే తక్కువ లోతులోనే అదుపు ఎక్కువగా తప్పుతుంది.

మునగలేమన్న భయంతో కొత్తవారు సీసం ఎక్కువ కట్టుకుంటారు. దాన్ని మోయడానికి జాకెట్‌లో గాలి ఎక్కువ నింపాలి. ఆ గాలి ఎంత ఎక్కువుంటే, లోతు మారినప్పుడు ఒడిదుడుకులూ అంత పెరుగుతాయి. పైగా కావడి బద్ద బరువున్న వైపు వాలినట్టు, నడుము దగ్గర సీసం కాళ్లను కిందికి లాగుతుంది, ఛాతీ దగ్గర గాలి తలను పైకెత్తుతుంది. అలా ఏటవాలుగా ఈదితే నీటి నిరోధం పెరిగి సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది. కొంత సీసాన్ని భుజాల వైపు జరిపి, మోకాళ్లు వంచి, కప్పలా కాళ్లు విదిలిస్తే శరీరం అడ్డంగా నిలుస్తుంది, అడుగునున్న ఇసుక రేగదు.

చిన్నచిన్న సవరణలకు ఊపిరి చాలు. ఊపిరితిత్తుల్లో ఒక లీటరు గాలి పెరిగితే దాదాపు ఒక కిలో తేలుడు బలం పెరుగుతుంది. ఆ ఫలితం కాస్త ఆలస్యంగా తెలుస్తుంది కనుక తొందరపడి జాకెట్ మీటలు నొక్కకూడదు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది.

సీసం ఎంత కావాలో తేల్చుకోవడానికి డైవ్ చివరే సరైన సమయం. 200 బార్ల పీడనంతో నింపిన 11 లీటర్ల సిలిండరులో 50 బార్లు మిగిలేసరికి దాదాపు రెండు కిలోల గాలి ఖర్చయి, డైవర్ అంత తేలికవుతాడు. అప్పుడు 5 మీటర్ల లోతులో, జాకెట్ దాదాపు ఖాళీగా ఉండగా, చేతులు ఆడించకుండా మామూలుగా ఊపిరి తీస్తూ నిలవగలిగితే బరువు సరిపోయినట్టే. లోతుకు వెళ్లాలని ఆరాటపడే ముందు ప్రతి కొత్త డైవరూ శిక్షకుడి దగ్గరుండి ఈ పరీక్ష చేసుకోవాలి.