కారు వెనుక గూడుబండి

హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ, దాని పొరుగున ఉన్న జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ వీధుల్లో తిరిగేవారికి సినిమా క్యారవాన్లు కొత్త కాదు. చిత్రీకరణ జరిగే ఇంటి ముందు బస్సంత వాహనం ఆగి ఉంటుంది. లోపల పడక, నిలువుటద్దం, శీతల యంత్రం, స్నానాల గది అన్నీ ఉంటాయి. కాని అది సొంత ఇంజనుతో, టన్నుల బరువుతో నడిచే ఇల్లు. ఒక మధ్యతరగతి కుటుంబం అనంతగిరి కొండలకో, శ్రీశైలానికో పోయేటప్పుడు తమ చిన్న కారు వెనుక తగిలించుకోదగిన తేలికైన పడకబండిని ఒక వడ్రంగి, ఒక వెల్డరు సాయంతో ఇంటి ఆవరణలోనే తయారు చేసుకోవచ్చునా? చేసుకోవచ్చును. అయితే బరువును తగ్గించడం కంటె, మిగిలిన బరువును ఎక్కడ ఉంచాలన్నదే ఇందులో కష్టమైన పని.

విహారం కోసమే కట్టిన తొలి బండి ఇళ్ళలో ఒకటి 1885లో ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు చేయించుకున్న 'వాండరర్'. మహాగని వంటి బరువైన కలపతో చేసిన ఆ బండిని గుర్రాలు లాగేవి. 1934లో అమెరికాలో గ్లైడర్ల నిర్మాత హాలీ బౌలస్ విమానం పద్ధతిలోనే పలుచని అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి ఒక బండి చేశాడు. మోటారుకు తగిన బండి విమానంలాగా తేలికగా ఉండాలన్న సంగతి అప్పటికే స్పష్టమైనదన్నమాట.

ఇంటివద్ద అల్యూమినియం పని కష్టం. ప్లైవుడ్డు, థర్మోకోల్ సులభంగా దొరుకుతాయి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్డు పలక సుమారు 21 కిలోలు తూగుతుంది. దానికి బదులు 3 మిల్లీమీటర్ల పలకలు రెండింటి నడుమ 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ ఉంచి అతికిస్తే 12, 13 కిలోలకు మించదు. వంగకుండా నిలిచే గుణం మాత్రం లెక్క ప్రకారం సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ. థర్మోకోల్ మెత్తనిది గనుక ఆచరణలో ఇది కొంత తగ్గుతుంది. వంగేటప్పుడు ఒత్తిడినంతా పైపొరలే భరిస్తాయి. అవి ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉంటే పలక అంత గట్టిగా ఉంటుంది. పైగా థర్మోకోల్ వేడిని ప్లైవుడ్డుకంటె మూడింట ఒక వంతే లోపలికి పోనిస్తుంది. మే నెల ఎండలో ఇది చిన్న లాభం కాదు. అతికించడానికి కర్రజిగురు వాడాలి. ఘాటైన వాసనగల రబ్బరు జిగురు రాస్తే థర్మోకోల్ కళ్ళముందే కరిగిపోతుంది.

ఇక బరువు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. దీనికి జవాబు ఎడ్లబండి తోలే రైతుకు తెలుసు. బస్తాలు ఎత్తేటప్పుడు అతడు చూసేది కాడి మీద పడే భారాన్నే. బరువు ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడలు నొక్కుకుపోతాయి. వెనుకకు ఎక్కువైతే నొగలు పైకి లేచి, మెడతాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయి. అందుకే బస్తాలు ఇటూ అటూ జరిపి, చివరకు తానే ముందుకో వెనక్కో సర్దుకుని కూర్చుంటాడు. కారు వెనుక బండికీ ఇదే సూత్రం. కాడికి బదులు కారు కొక్కెం ఉన్నదంతే. మొత్తం బరువులో పదోవంతుకు తగ్గకుండా కొక్కెం మీద పడాలి. అంటే బండి గరిమనాభి ఇరుసుకు కొంచెం ముందుండాలి.

ఉదాహరణకు బండి 400 కిలోలు, కొక్కెం నుంచి ఇరుసుకు రెండున్నర మీటర్లు అనుకుందాం. గరిమనాభి ఇరుసుకు 25 సెంటీమీటర్లు ముందుంటే కొక్కెం మీద 40 కిలోలు పడుతుంది. ఇప్పుడు బండి వెనుక భాగాన, ఇరుసుకు ఒక మీటరు దూరంలో, 60 లీటర్ల నీళ్ళ డ్రమ్ము పెట్టారనుకోండి. కొక్కెం మీది భారం 16 కిలోలకు పడిపోతుంది! డ్రమ్మును సరిగా ఇరుసు మీదనే పెడితే ఆ 40 కిలోలూ చెక్కుచెదరవు. ఎద్దులైతే వెంటనే మొరాయించి హెచ్చరిస్తాయి, కారు హెచ్చరించదు. నెమ్మదిగా పోతున్నంతసేపు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఒకానొక వేగం దాటగానే బండి ఎడమకూ కుడికీ ఊగడం మొదలై, ఒక్కొక్క ఊపు ముందుదానికంటె పెద్దదై, చివరకు కారునే దారి తప్పిస్తుంది. బరువు వెనుకకు జరిగినకొద్దీ ఆ ప్రమాదవేగం తగ్గుతూ వస్తుంది. ఊగుడు మొదలైతే చక్రం తిప్పి సరిచేయబోకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ఆక్సిలరేటరు మీది కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని ఉండాలి.

ముందొక బరువు, వెనుకొక బరువు పెట్టి సరితూచితే చాలదా అనవచ్చు. చాలదు. కావడి మోసేవాడిని చూడండి. రెండు కుండలూ సమానంగా తూగినా, కావడిబద్ద ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆపడానికి బలం కావాలి. బరువులు చివరలకు పోయినకొద్దీ జడత్వ భ్రామకం పెరగడమే దీనికి కారణం. బరువైనదంతా ఇరుసు దగ్గరగా, నేలకు దగ్గరగా చేర్చడం మేలు.

బ్రేకుల మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ 400 కిలోల బండికి ఉండే గతిజశక్తి, దాన్ని 14 మీటర్ల ఎత్తునుంచి పడవేస్తే వచ్చేంత. అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి అన్నమాట. బండికి సొంత బ్రేకు లేకపోతే ఆ శక్తినంతా కారు బ్రేకులే మింగాలి. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు ఈ లెక్క బాగా తెలిసివస్తుంది. కొక్కెం ఊడినా బండి విడిపోకుండా రెండు గొలుసులు అడ్డదిడ్డంగా కట్టడం తప్పనిసరి.

పడక గది మూడు ఘనమీటర్లకు మించదు గనుక పైనా కిందా గాలి రంధ్రాలు ఉండాలి. లోపల పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. రిజిస్ట్రేషను లేనిదే రోడ్డెక్కించరాదు. కనుక ఇనుము కోయకముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

కొక్కెం భారం కొలవడానికి ఇంట్లో మనుషులు ఎక్కే తూనిక యంత్రమే చాలు. బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కొక్కెం ఎత్తుకు సరిపడే చెక్కదిమ్మను యంత్రంపై ఉంచి, నొగ కొసను దానిమీద ఆనించాలి. చూపిన అంకెలోంచి దిమ్మ బరువు తీసివేయాలి. పరుపులు, గిన్నెలు, నీళ్ళు అన్నీ సర్దిన తరువాతనే ఈ కొలత తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో నీళ్ళు అయిపోయి, కొన్న సామాను చేరుతుంది గనుక బయలుదేరే ముందు మరొకసారి తీసుకోవాలి.