గోడకు డబ్బు పెట్టే ముందు గోడ ఆరిందో లేదో చూడండి

ఇంట్లో షాదీ కుదిరినా, రంజాన్ దగ్గర పడినా ముందు అందరి కళ్లూ గోడల మీదే పడతాయి. మెహమాన్లు వచ్చి కూర్చునే గదిలో రంగు వెలిసిపోయి ఉంటే ఇంట్లోవాళ్లకు మనసొప్పదు. ఇంతకుముందైతే ఇల్లంతా సున్నమో, డిస్టెంపరో వేసి సరిపెట్టేవారు. ఇప్పుడు నాలుగు గోడల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా తయారు చేయించడం మామూలైపోయింది. దీన్నే ఫీచర్ వాల్ అంటున్నారు. టెక్స్చర్ పెయింట్, వాల్‌పేపర్, పీవీసీ ప్యానెళ్లు, వాటి మీద ఆయతుల్ కుర్సీ ఫ్రేము, పక్కన కుటుంబం ఫోటోలు, కింద చిన్న లైట్లు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క వానాకాలం గడిచేసరికి అదే గోడ పొక్కులు లేచి, మూలల్లో నల్లగా బూజు పట్టిన ఇళ్లు మన బస్తీల్లో తక్కువేం కాదు.

ఇలా జరిగితే చాలామంది పెయింట్ మంచిది కాదనుకుంటారు. ఎక్కువసార్లు తప్పు పెయింట్‌ది కాదు, గోడ లోపలి చెమ్మది. అందుకే ఏ డిజైన్ వేయించాలన్నది రెండో ప్రశ్న. గోడ పొడిగా ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఇళ్లలో గోడకు చెమ్మ నాలుగు దారుల్లో వస్తుంది. ఒకటి, గోడకు అవతల బాత్రూమ్ ఉండి పైపు గానీ, టైల్స్ సందులు గానీ కారడం. రెండు, డాబా మీద నీళ్లు నిలవడం, పిట్టగోడ పగలడం. మూడు, బయటి గోడ ప్లాస్టరింగ్‌లో పగుళ్లు. నాలుగు, కింది అంతస్తు ఇళ్లలో నేలలోని నీటిని గోడ పైకి పీల్చుకోవడం. ఈ నాలుగో రకంలో మరక నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు అడ్డంగా ఒక పట్టీలా కనిపిస్తుంది. పెయింట్ పొడిపొడిగా రాలి, తెల్లటి ఉప్పులాంటి పొర తేలుతుంది. మన పెద్దలు దీన్ని లోనా పట్టడం అంటారు. గోడలోని లవణాలు నీటితో పాటు బయటికొచ్చి, నీరు ఆరిపోయాక పైన మిగిలిపోవడమే ఈ లోనా. దాన్ని గీకి పైన కొత్త పెయింట్ వేస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. నీరు వచ్చే దారి మూస్తేనే ఆగుతుంది.

చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అతికించండి. ఒకటి రెండు రోజులు అలాగే ఉంచి చూడండి. కవర్ లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బిందువులు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. గది వైపు తడి కనిపిస్తే గాలిలో తేమ ఎక్కువ, కిటికీలు తెరవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాలి. గోడ మీద రెండు మూడు చోట్ల, ముఖ్యంగా కింది భాగంలో, బాత్రూమ్ వైపు ఈ పరీక్ష చేయండి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే తొందరపడొద్దు. సిమెంట్ ప్లాస్టరింగ్ గట్టిపడి, ఆరడానికి కనీసం 28 రోజులు ఇవ్వడం మంచిది. వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది.

పాత ఇళ్ల సంగతి వేరు

హైదరాబాద్ పాతబస్తీలోనూ, కర్నూలు, కడప లాంటి ఊళ్ల పాత మొహల్లాల్లోనూ డంగు సున్నంతో కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. సున్నపు గోడ లోపలికి చేరిన తేమను నెమ్మదిగా బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూసినా, ప్లాస్టిక్ పొరలాంటి పెయింట్ వేసినా ఆ తేమ లోపలే చిక్కుకుపోతుంది. తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. అలాంటి గోడలకు సున్నంతో చేసిన పూతే సరైనది. సున్నం అంటే చిన్నచూపు అక్కర్లేదు. 1591లో కట్టిన చార్మినార్ మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద కనిపించే పూలు, లతలు, నగిషీలు అన్నీ సున్నపు గచ్చుపనే.

గోడ అలంకరణకు నీరు ఎంత శత్రువో చెప్పడానికి మన నగరంలోనే ఒక సాక్ష్యం ఉంది. చార్మినార్‌కు దగ్గర్లోని బాద్‌షాహీ అషుర్‌ఖానాలో కుతుబ్‌షాహీల కాలం నాటి రంగు పలకల పని ప్రసిద్ధి. 1908 మూసీ వరదలో ఆ పలకల్లో కొంత భాగం దెబ్బతింది. తర్వాత ఆ చోటును పెయింట్‌తో నింపారు. నీరు తగలని చోట పాత పలకల రంగులు శతాబ్దాలు నిలిచాయి. రాజుల కాలం పనితనమే నీటి ముందు నిలవలేదంటే మన టెక్స్చర్ పెయింట్ సంగతి చెప్పాలా?

ఏ ఫినిషింగ్ ఎక్కడ పనికొస్తుంది?

టెక్స్చర్ పెయింట్: గోడ మీద చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను కప్పేస్తుంది. కానీ గరుకుగా ఉండే రకాల్లో దుమ్ము నిలుస్తుంది, తుడవడం కష్టం. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే నున్నటి రకం ఎంచుకోండి. తర్వాత మనసు మారి తీసేయాలంటే గీకడానికి, మళ్లీ పుట్టీ పెట్టడానికి కూలీ అదనం.

వాల్‌పేపర్: పొడి గోడకు, పిల్లల చేతులు తక్కువ తగిలే చోటుకు బాగుంటుంది. మార్కెట్లో ఎక్కువగా దొరికే రోల్ సుమారు 57 చదరపు అడుగులు వస్తుంది. డిజైన్ కలపడానికి కొంత వృథా పోతుంది కాబట్టి గోడ కొలతకు సరిగ్గా సరిపోయేలా కాకుండా కాస్త ఎక్కువే తీసుకోవాలి. చెమ్మ గోడకు అతికిస్తే అంచులు లేస్తాయి, వెనక బూజు పెరుగుతుంది.

పీవీసీ ప్యానెళ్లు: తడికి ప్యానెల్ పాడవదు, నిజమే. కానీ వెనకున్న గోడ పాడవుతూనే ఉంటుంది, మనకు కనిపించదంతే. వెనక చెక్క ఫ్రేము కొడితే చెదలకూ చోటు దొరుకుతుంది. చెమ్మను దాచడానికి ప్యానెల్ వేయించడమంటే గాయం మానకుండానే పైన కట్టు కట్టినట్టు. ఇంకో మాట, ఇది ప్లాస్టిక్. గ్యాస్ స్టవ్ దగ్గరి గోడకు వద్దు, అక్కడ టైల్సే మేలు.

పీఓపీ డిజైన్లు: ఇది జిప్సం పొడితో చేసేది. తడి తగిలితే మెత్తబడిపోతుంది. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకు అస్సలు పనికిరాదు.

స్టెన్సిల్: తక్కువ ఖర్చులో అయ్యేది ఇదే. మామూలు ఎమల్షన్ వేసిన గోడ మీద రెండో రంగుతో జాలీ డిజైనో, నక్షత్రాల డిజైనో అచ్చు వేయొచ్చు. నచ్చకపోతే దాని మీద మళ్లీ మామూలు పెయింట్ వేస్తే సరి.

లెక్క ఇలా వేసుకోండి

12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. కాంట్రాక్టర్ అడుగుకు 180 రూపాయలు చెప్పాడనుకుందాం. అంటే 21,600 రూపాయలు. ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. కింది ప్రశ్నలు ముందే అడగండి:

ఆ ధరలో పాత పెయింట్ గీకడం, పుట్టీ, ప్రైమర్ కలిసే ఉన్నాయా?
కిటికీ, తలుపు ఉన్న చోటును కొలతలోంచి తీసేస్తారా?
జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగా వేస్తారా?
ఎన్ని కోట్లు వేస్తారు, ఏ కంపెనీ, ఏ రకం?
పొక్కులు లేస్తే ఎన్ని నెలల్లోపు ఉచితంగా సరిచేస్తారు? చెమ్మ వల్ల లేస్తే ఎవరి బాధ్యత?

ఈ జవాబులన్నీ ఒక కాగితం మీదో, వాట్సాప్‌లోనో రాయించుకోండి. నోటిమాట మీద వేసిన లెక్క పని అయ్యాక మారిపోతుంది. అడ్వాన్స్ మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. పని మొదట్లో కొంత, పుట్టీ అయ్యాక కొంత, పూర్తయ్యాక మిగిలింది.

వాయిదాల మీద చేయిస్తామనే ఆఫర్లూ వస్తాయి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన ఇళ్లలో ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్న మాట చూసి ఊపిరి పీల్చుకుంటారు. కానీ 2013లోనే రిజర్వ్ బ్యాంకు సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని బ్యాంకులకు స్పష్టం చేసింది. చాలాసార్లు నగదుకు ఇచ్చే డిస్కౌంట్ ఇవ్వకపోవడం ద్వారానో, ప్రాసెసింగ్ ఫీజు ద్వారానో అది వసూలవుతుంది. కాబట్టి నగదు ధర ఎంత, వాయిదాల్లో మొత్తం ఎంత అని రెండూ అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. చేతిలో ఉన్నంతలోనే చేయించుకోవాలంటే ఆ డబ్బును ముందు లీకేజీకి పెట్టండి. మిగిలినదానితో మామూలు ఎమల్షన్, నాలుగు మంచి ఫ్రేములు. గది అందానికి అది చాలు.

షాదీ కోసమైతే కనీసం నెల ముందు మొదలుపెట్టండి. వారం ముందు మొదలుపెడితే పుట్టీ ఆరకుండానే ప్రైమర్, ప్రైమర్ ఆరకుండానే పెయింట్ పడుతుంది. వలీమా నాటికి మెరుస్తుంది, తర్వాత పొరలు లేస్తుంది.

ఫ్రేముల్లో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

చాలా ఇళ్లలో దాదా, నానాల ఫోటో ఒక్కటే ఉంటుంది. నెగెటివ్ ఉండదు, రెండో కాపీ ఉండదు. ఆ ఫోటోను నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టిస్తారు. చెమ్మకు ఫోటో మీది పొర అద్దానికి అంటుకుపోతుంది. తర్వాత విడదీయబోతే ముఖమే చిరిగిపోతుంది. దీనికి రెండే జాగ్రత్తలు. మొదటిది, పాత ఫోటో, నికాహ్‌నామా, పెద్దల చేతిరాత ఉత్తరాలు, ఇంటి పాత కాగితాలు ఏవైనా సరే స్కాన్ చేయించి, కాపీని గోడకు పెట్టండి. అసలుది ఎండ, చెమ్మ తగలని చోట ఫైల్లో చదునుగా దాచండి. నికాహ్‌నామా పాస్‌పోర్టుకో, వీసాకో ఎప్పుడైనా అవసరపడే పత్రం, అది వెలిసిపోతే ఇబ్బంది. రెండోది, ఫోటోకూ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు పెట్టమని ఫ్రేమ్ షాపులో అడగండి. చుట్టూ కనిపించే ఆ తెల్లటి అట్ట అందం కోసమే కాదు, ఫోటోను అద్దానికి దూరంగా ఉంచుతుంది.

ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. నేరుగా ఎండ పడే గోడకు, ముఖ్యంగా సాయంత్రం ఎండ వచ్చే కిటికీ ఎదురుగా, ఫోటోలు పెట్టొద్దు.

ఖురాన్ ఆయతుల ఫ్రేముల విషయంలో అదబ్ ముఖ్యం. కాళ్లు చాపే వైపు, చెప్పుల స్టాండ్ పైన, బాత్రూమ్ తలుపు పక్కన పెట్టరు. కొనేటప్పుడు అక్షరాలు, ఏరాబ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో తెలిసినవాళ్లతో ఒకసారి చదివించండి. యంత్రంతో కోసిన అక్రిలిక్, ఎండీఎఫ్ ముక్కల్లో ఒక నుక్తా ఊడినా అక్షరం మారిపోతుంది. చేత్తో రాసిన ఖత్తాతీ కావాలంటే హైదరాబాద్‌లో ఛత్తా బజార్ ఈ పనికి పాత పేరు. ఫోటోలు, ఆయతులు గోడకు పెట్టడంపై ఉలమాల అభిప్రాయాల్లో తేడాలున్నాయి. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి.

నమాజ్ చదివే గదిలో ఖిబ్లా వైపు గోడను సాదాగా వదిలేయడం మేలు. మన దగ్గర ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. ఆ గోడకు అద్దాలు, మెరిసే ప్యానెళ్లు పెడితే నమాజ్‌లో మన ప్రతిబింబం మనకే కనిపించి ధ్యానం చెదురుతుంది. ఫీచర్ వాల్ వేరే వైపు పెట్టుకోండి.

ఆయతులు, ఫోటోలే కాదు, మన ప్రాంతపు కళలూ గోడకెక్కొచ్చు. పెడనలో అచ్చు వేసే కలంకారీ బట్టలో పూలు, లతల డిజైన్లుంటాయి. మీటరు బట్ట కొని ఫ్రేము కట్టిస్తే పెద్ద గోడకూ నిండుదనం వస్తుంది. నల్లటి లోహం మీద వెండి పొదిగే బీదరీ పలకలు ఖరీదైనవే అయినా ఒక్కటి చాలు.

మేకు కొట్టే ముందు

ఫ్రేము మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడ్డవారి కంటికి సరిగ్గా ఉంటుంది. కింద పరుపులు వేసుకుని కూర్చునే దీవాన్‌ఖానా అయితే ఇంకాస్త కిందికి దించండి. సోఫా పైన అయితే 6 నుంచి 8 అంగుళాల ఖాళీ వదలండి. ఫ్రేముల మధ్య 2, 3 అంగుళాలు చాలు. ముందు అన్నీ నేల మీద పేర్చి చూసుకుంటే గోడకు అనవసరపు రంధ్రాలు పడవు.

స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన డ్రిల్ పెట్టొద్దు. వైర్లు గోడ లోపల ఆ దారిలోనే వెళ్తాయి. బరువైన ఫ్రేముకు ఉత్త మేకు సరిపోదు, ప్లాస్టిక్ గట్టా పెట్టి స్క్రూ బిగించాలి. మంచం పైన, ఉయ్యాల పైన గాజు ఫ్రేములు వద్దు. పెట్టాల్సి వస్తే అద్దం బదులు అక్రిలిక్ షీటు వేయించండి.

అద్దె ఇల్లయితే డ్రిల్ పెట్టే ముందు ఓనర్‌ను అడిగి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఉంచుకోండి. ఖాళీ చేసే రోజు డిపాజిట్‌లో కోత పడకుండా అదే కాపాడుతుంది. అతికించే హుక్కులు సున్నం, డిస్టెంపర్ గోడల మీద నిలవవు, పొడితో సహా ఊడొస్తాయి. దానికన్నా రెండు స్క్రూలతో ఒక సన్నటి చెక్క పట్టీ బిగించి, ఫ్రేములన్నీ దాని మీద నిలబెట్టుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు పట్టీతో సహా తీసుకెళ్లొచ్చు.

ఈ వారంలో చేయాల్సింది చిన్న పనే. ఒక పాలిథిన్ ముక్క, కాస్త టేపు తీసుకుని మీరు అలంకరించాలనుకున్న గోడకు అతికించండి. రెండు రోజుల తర్వాత అది పొడిగా ఉంటే పెయింటర్‌ను పిలవండి. తడిగా ఉంటే ముందు ప్లంబర్‌నో, మేస్త్రీనో పిలవండి.