మైకు ఈల మానవలెనన్న

గ్రామసభ కూడినది. సర్పంచిగారు మైకు ముందు నిలిచి జమాఖర్చులు చదువ నారంభించిరి. నాలుగు మాటలైన పూర్తి కాకమునుపే మైకు కీచుమని ఈల వేసినది. ముందువరుసవారు చెవులు మూసికొనిరి. మైకు నడుపు యువకుడు ధ్వని తగ్గించెను. ఈల ఆగినది గాని, వేపచెట్టు క్రింద కూర్చున్న స్త్రీలకు లెక్కలు వినబడుటయు ఆగినది. వారు వినని లెక్కకు సభ ఆమోదము లభించినట్లు పుస్తకమున వ్రాయబడెను. వరంగల్లు ప్రాంతపు పల్లెలలో ఇట్టి సభలను మేము పలుమారులు చూచియున్నాము. పంచాయతీ సభ్యులు దీనిని యంత్రదోషమని తలచి ఊరకుండరాదు.

ఈలకు కారణము సులభముగా తెలియదగినదే. స్పీకరు పెట్టెనుండి వెలువడిన శబ్దము తిరిగి మైకులో జొరబడును. ఆంప్లిఫయరులో పెరిగి మరల పెట్టెనుండి వచ్చును. మరల మైకును చేరును. ఈ తిరుగుడులో ఏదో ఒక స్వరము తక్కినవానికంటె ముందుగా బలిసి ఈలయై మ్రోగును. కావున మొదటి చికిత్స ఖర్చులేనిది. పెట్టెలను మైకునకు వెనుక గాక ముందుభాగమున, శ్రోతలవైపు త్రిప్పి ఉంచవలెను. మాటలాడువారు మైకునకు దగ్గరగా నిలువవలెను. మూరెడు దూరమున నున్నవారు జానెడు దూరమునకు వచ్చినచో మైకును చేరు ధ్వని ఒత్తిడి రెండింతలగును. అంతమేరకు యంత్రమును తగ్గించి నడుపవచ్చును. ఈపాటి శ్రమ పడనివారు ఎంత విలువగల పరికరము కొన్నను ఫలము స్వల్పమే.

ఇది చేసిన పిదపనే డి.ఎస్.పి. అను యంత్రమును గూర్చి ఆలోచింపవలెను. ఇది మైకునకు, ఆంప్లిఫయరునకు నడుమ నుండును. నేడు డిజిటల్ మిక్సర్లలోనే ఇమిడి వచ్చుచున్నది. శబ్దతరంగమును సాధారణముగా సెకనుకు 48,000 పర్యాయములు కొలిచి, అంకెలుగా మార్చి, వానిపై లెక్క కట్టి తిరిగి పంపును. ఇదంతయు సెకనులో కొన్ని వేయవ వంతులలో ముగియును. ఈల వేయు స్వరమును కనిపెట్టి దానిని మాత్రమే సన్నగా కోసివేయును. కలుపు తీసినచోట పైరు కదలనట్లే తక్కిన గొంతు నిలుచును. అయితే అట్టి కోతలు పది పడిన గొంతు ముక్కుతో పలికినట్లుండును గనుక, దీనిపైననే భారము వేయరాదు.

పెద్ద మైదానములలో దీనివలన మరియొక ఉపకారము కలదు. చెరువు ఆవలిగట్టున బట్టలుతుకువారిని చూడుడు. బట్ట బండను తాకుట ముందు కనబడును, చప్పుడు తరువాత వినబడును. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే నడచును. తీగలోని విద్యుత్తునకు ఆ జాప్యము లేదు. వేదికకు 34 మీటర్ల దూరమున రెండవ పెట్టె కట్టినచో, అచటివారికి దాని మాట ముందును, వేదిక మాట సెకనులో పదవ వంతు తరువాతను చేరి గజిబిజి యగును. వెనుక పెట్టెకు ఆ పదవ వంతు జాప్యమును యంత్రమున కల్పించినచో మాట ఒక్కటిగా వినబడును.

ఒగ్గుకథకు వచ్చునప్పటికి చిక్కు హెచ్చును. గొంతు, డోలు, తాళములు ఒకే మైకులో పడినచో డోలు గొంతును మ్రింగును. డోలునకు వేరు మైకు పెట్టి, గొంతు మైకులో అడుగుస్థాయి శబ్దమును కొంత కోయించుట మేలు. 2017లో దివంగతులైన చుక్క సత్తయ్యగారు పూర్వపు వరంగల్లు జిల్లాలోని, నేటి జనగామ జిల్లాలోని, మాణిక్యాపురమువారు. ఆ తరపు కథకుల గొంతును దాచుకొనగోరు పంచాయతీలు ప్రతి మైకును వేరు ట్రాకుగా రికార్డు చేయించవలెను. మట్టము తగ్గించియే ఉంచవలెను. 24 బిట్ల రికార్డింగులో తగ్గియున్న గొంతును పిదప పెంచవచ్చును. హద్దుమీరి విరిగిన గొంతును పూర్తిగా బాగుచేయు యంత్రము లేదు. డెబ్బది యేండ్ల కథకుడు మరల ఆ రాత్రివలెనే పాడునని నమ్మకమేమి?

ఇక, లిమిటరు అను ఏర్పాటు ధ్వని నిర్ణీతమైన హద్దు దాటకుండ ఆపును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు మితిగా విధించినవి. ప్రభుత్వము సడలించిన పండుగదినములలో తప్ప, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు బహిరంగస్థలమున లౌడుస్పీకరు కూడదు. హద్దును పంచాయతీ నిర్ణయించి సంకేతపదముతో బిగించి యుంచుట మంచిది. పెండ్లివారి యుత్సాహము ఎంతటిదో సభ్యులకు తెలియనిది కాదు.

సభకు ముందు ఒక సభ్యుడు చివరి వరుసలో కూర్చుండవలెను. లెక్కల పుస్తకమునుండి నాలుగు పంక్తులు మైకులో చదివింపవలెను. అతడు ఆ అంకెలను తప్పులేకుండ కాగితముపై వ్రాసికొనగలిగినచో సభ ప్రారంభింపవచ్చును.