నీలం సిలిండర్‌లోని వాయువు

పూర్తి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లలో మత్తు యంత్రానికి తరచుగా ఒక నీలం సిలిండర్ తగిలించి ఉంటుంది. అందులో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. 1844లో అమెరికా దంతవైద్యుడు హొరేస్ వెల్స్ దీన్ని పీల్చి తన పన్నే పీకించుకున్నాడు, నొప్పి తెలియలేదు. తర్వాత వచ్చిన ఈథర్, క్లోరోఫాం దాదాపు కనుమరుగయ్యాయి. ఇది మాత్రం నిలిచింది.

అలాగని బలమైన మత్తేమీ కాదు. మామూలు గాలి పీడనంలో నూటికి నూరుపాళ్లు ఇచ్చినా ఇదొక్కటే ఆపరేషన్‌కు చాలదు, పైగా ఆక్సిజన్‌కు చోటే ఉండదు. అందుకే మత్తు డాక్టర్లు దీన్ని ఆక్సిజన్‌తో కలిపి, సెవోఫ్లూరేన్ వంటి అసలు మందుకు తోడుగా వాడతారు. నొప్పిని అణుస్తుంది, అసలు మందు మోతాదును తగ్గిస్తుంది. రక్తంలో తక్కువగా కరుగుతుంది కాబట్టి త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది. ఆపగానే రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి ఒక్కసారిగా వచ్చిపడి అక్కడి ఆక్సిజన్‌ను పలచన చేస్తుంది. అందుకే చివర్లో కాసేపు పూర్తి ఆక్సిజన్ ఇస్తారు.

ఛాతీలోనో, మూసుకుపోయిన పేగులోనో గాలి చిక్కుకున్న వారికి దీన్ని ఇవ్వరు. ఆ గాలి ఇంకా ఉబ్బుతుంది. ఇది బి12 విటమిన్‌ను కూడా పనిచేయకుండా చేస్తుంది. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివారిలో బి12 ముందే తక్కువగా ఉండవచ్చు కాబట్టి, వారు ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు దీని వాడకం తగ్గుతోంది. కారణాల్లో ఒకటి వాతావరణం. వందేళ్ల లెక్కన ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, ఓజోన్‌నూ తినేస్తుంది. రోగి దాకా చేరకుండా ఆసుపత్రి పైపుల్లోంచే కారిపోయేది చాలా ఎక్కువని బ్రిటన్‌లో తేలింది. పైపులు మూసి, అవసరమైన చోట చిన్న సిలిండర్లు పెట్టుకోవడమే మంచి పద్ధతి.

అయితే దీనికి పెద్ద పుట్టిల్లు ఆసుపత్రి కాదు, పొలం. చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడిలో మిరపకు, పత్తికి వేసిన యూరియాలో కొంత నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు ఈ వాయువుగానే మారుస్తాయి. వాన నీరు నిలిస్తే ఇంకా ఎక్కువ. వేసిన నత్రజనిలో ఒక శాతం ఇలా పోతుందన్నది ప్రపంచ సగటు. ఆ ప్రకారం 45 కిలోల యూరియా కట్ట నుంచి సుమారు 325 గ్రాములు వస్తుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున గంటన్నర మత్తు ఇస్తే ఖర్చయ్యేదీ దాదాపు అంతే. ఒక్క ఎకరం మిరపకే ఎన్ని కట్టలు పడతాయో రైతులకు తెలుసు. విడతలుగా, డ్రిప్ ద్వారా, మొక్కకు కావలసినంతే ఇస్తే గాలిలో కలిసేదీ తగ్గుతుంది, ఎరువు ఖర్చూ తగ్గుతుంది.