కలలో మెలకువ... తొందరపడితే రాదు!

పరీక్ష మొదలైపోయింది. చేతిలో పెన్ను లేదు. హాల్‌టికెట్‌ కనిపించడం లేదు. గుండె దడదడ! సరిగ్గా అప్పుడే, 'చదువు మానేసి ఇరవై ఏళ్లయింది కదా... ఇది కలే!' అని తెలిసిపోతే? భయం ఎగిరిపోతుంది. కల మాత్రం సాగుతూనే ఉంటుంది. లూసిడ్‌ డ్రీమ్‌ అంటే అదే. కలగంటూనే అది కల అని ఎరుకతో ఉండటం.

యాభై ఏళ్ల పరిశోధనలను కలిపి 2016లో లెక్క తీస్తే, జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చినవారు 55 శాతమని తేలింది. నెలకోసారైనా వచ్చేవారు 23 శాతం. సాధన చేసి నేర్చుకోవచ్చు కూడా. చిక్కల్లా ఒక్కటే... నాలుగు రోజులు ప్రయత్నించి విసుగొచ్చి మానేయడం!

బమ్మెర నుంచి ఇంగ్లండ్‌ దాకా

నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్న గడప మనవాళ్లకు కొత్తేం కాదు. పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర జనగామ జిల్లాలోనే ఉంది. చంద్రగ్రహణం రాత్రి కళ్లు అరమోడ్చి ధ్యానంలో ఉండగా రాముడు కనిపించి భాగవతం తెలిగించమన్నాడని ఆయనే రాసుకున్నాడు. దాన్ని లూసిడ్‌ డ్రీమ్‌ అనలేం కానీ, ఆ గడప దగ్గరి అనుభవమే. టిబెట్‌ బౌద్ధులైతే స్వప్నయోగాన్ని సాధనగానే చేస్తారు.

1975లో ఇంగ్లండ్‌లోని హల్‌ విశ్వవిద్యాలయంలో కీత్‌ హెర్న్‌ దీనికి రుజువు సంపాదించాడు. నిద్రలో ఉన్న అలన్‌ వర్స్‌లీ, ముందే అనుకున్న ప్రకారం కల లోపలి నుంచి కళ్లను కుడిఎడమలకు తిప్పి సైగ చేశాడు. యంత్రం దాన్ని నమోదు చేసింది.

మొలక... పూత... పిందె

'లూసిడ్‌ డ్రీమ్‌' అన్న మాటను 1913లో ప్రచారంలోకి తెచ్చినవాడు డచ్‌ వైద్యుడు వాన్‌ ఈడెన్‌. 1898 నుంచి 1912 చివరిదాకా ఆయన రాసిపెట్టుకున్న ఇలాంటి కలలు 352. అంటే సగటున నెలకు రెండు! అంతటివాడికే అలా ఉంటే, రెండు వారాలకే 'నా వల్ల కాదు' అనుకోవడం ఎందుకు?

నారు పోసిన వారానికే కాయ కోద్దామని మహబూబాబాద్‌ మిర్చి రైతు ఎవరైనా చూస్తాడా? ఇక్కడా అంతే. దిండు పక్కన నోట్‌బుక్‌ పెట్టుకోవాలి. మెలకువ రాగానే కదలకుండా కలను గుర్తు తెచ్చుకుని, ఒక్క ముక్కయినా రాయాలి. ఆ ముక్క పేజీ అయితే మొలక వచ్చినట్టు. కలలో 'ఇదేంటి, వింతగా ఉందే' అన్న అనుమానం వస్తే పూత. కల అని తెలిసి, ఆ సంబరంలో మెలకువ వచ్చేస్తే పిందె. అది ఓటమి కాదు... చాలామందికి తొలి అనుభవం అలాగే ఉంటుంది.

పట్టు వద్దు... పట్టుదల చాలు

అయిదు గంటలు నిద్రపోయాక లేచి, 'ఈసారి కల వస్తే కలని గుర్తుపడతా' అనుకుంటూ మళ్లీ పడుకోవడం ఒక పద్ధతి. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ కనక అప్పుడు అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిపి, 2017లో వెలువరించిన అధ్యయనంలో ఈ పద్ధతిని పగటిపూట 'ఇది కలా, నిజమా' అని పరీక్షించుకునే అలవాటుతో కలిపి చేస్తే వారంలో సుమారు 17 శాతం ఫలితం వచ్చింది. అలా అనుకున్నాక అయిదు నిమిషాల్లోపే నిద్రపట్టినవారిలో అది 46 శాతం దాకా ఉంది. ప్రశాంతంగా ఉన్నవాళ్లకే కల లొంగిందన్నమాట!

అయితే భూపాలపల్లి సింగరేణి గనుల్లో షిఫ్టులు మారుతూ పనిచేసేవారికి ఈ అలారం పద్ధతి తగదు. నిద్రే కరవైన చోట దాన్ని మళ్లీ తెంపుకోకూడదు. వాళ్లు నోట్‌బుక్‌తో సరిపెట్టుకుని, సెలవు రోజున ప్రయత్నిస్తే చాలు. కలకూ నిజానికీ తేడా తెలియక ఇబ్బందిపడేవారు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు ముందుగా డాక్టర్‌ని అడగాలి.

మిగతావారు వారానికోసారి పాత పేజీలు తిరగేయండి. మొదటి వారం రెండు ముక్కలు, నాలుగో వారం రెండు పేజీలు కనిపిస్తే ముందుకే వెళ్తున్నట్టు. ఇవాళ ఎరుక రాలేదా? ఫర్వాలేదు... రేపు రాత్రి ఎలాగూ ఉంది!