తలుపు దానంతటదే మూసుకోవాలంటే...
డోర్ క్లోజర్ ఎంపికలో, బిగింపులో తెలుసుకోవలసిన సంగతులు

వేసవిలో పడమటి గాలి లేచిందంటే పల్లెల్లో ఇంటింటా తలుపులు దఢాలున కొట్టుకుంటాయి. గోడ పెచ్చులు రాలతాయి. కిటికీ అద్దాలు పగులుతాయి. తలుపు సందులో చెయ్యి పెట్టిన పసిపిల్లల వేళ్ళు నలుగుతాయి. ఇది ఒక బాధ అయితే, మూయవలసిన తలుపు మూయకపోవడం ఇంకో బాధ. వంటింటి తలుపు ఓరగా ఉంటే చాలు, పిల్లి పాలగిన్నెలో మూతి పెడుతుంది. జాలీ తలుపు బార్లా తీసి ఉంటే ఎంత ఖర్చు పెట్టి జాలీ వేయించినా దండగే. డెంగీ తెచ్చే దోమ పగటిపూట కుడుతుంది. మలేరియా తెచ్చే దోమ రాత్రిపూట కుడుతుంది. కాబట్టి జాలీ తలుపు రాత్రింబవళ్ళు మూసి ఉంటేనే ఫలితం.

ఈ రెండు బాధలకూ విరుగుడు డోర్ క్లోజర్. ఒకప్పుడు పట్నంలో బ్యాంకులకు, ఆసుపత్రులకే ఉండేది. ఇప్పుడు పల్లెల్లోనూ పాఠశాలలకు, ఆరోగ్య కేంద్రాలకు, ఇళ్ళకు బిగిస్తున్నారు. అయితే బిగించిన కొద్ది నెలలకే నూనె కారిందనో, తలుపు మూసుకోవడం లేదనో ఊడదీసి మూల పడేసిన ఇళ్ళూ ఉన్నాయి. తలుపుకు తగింది ఎంచుకోకపోవడం, సరిగా బిగించకపోవడం ఇందుకు ముఖ్యకారణాలు.

పాత పద్ధతులు

తలుపు దానంతటదే మూసుకునే ఏర్పాటు మనకు కొత్త కాదు. గుమ్మం పైన గిలక పెట్టి, తాడు కొసకు రాయో ఇనుప గుండో కట్టి వేలాడదీసే పద్ధతి పాతదే. పైబందు, కిందిబందు ఒకే తూకంలో కాకుండా రవ్వంత వాలుగా వేసి, తలుపు తన బరువుతో తానే మూసుకునేలా చేయగల వడ్రంగులున్నారు. తేలికపాటి జాలీ తలుపుకు స్ప్రింగు బందులు వేసినా సరిపోతుంది. ఖర్చు తక్కువ. కాని వీటన్నిటికీ ఒకటే లోపం. తలుపు వేగానికి పగ్గం ఉండదు. ఎంత ఎక్కువ తీస్తే అంత గట్టిగా వచ్చి కొట్టుకుంటుంది.

క్లోజర్‌లో ఆ పగ్గం నూనె రూపంలో ఉంటుంది. ఇనుప పెట్టెలో బలమైన స్ప్రింగు, పిస్టను, నూనె ఉంటాయి. తలుపు తీసినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. వదలగానే అది పిస్టనును వెనక్కు నెడుతుంది. నూనె సన్నని దారుల గుండా మెల్లగా పోవాలి గనుక తలుపు కూడా నెమ్మదిగా మూసుకుంటుంది. ఆ దారులను సన్నం, వెడల్పు చేసేవే పెట్టె కొసన కనిపించే చిన్న మరలు.

ఎంపిక ఎలా?

దుకాణంలో ముందు చెప్పవలసింది తలుపు వెడల్పు, బరువు. తలుపును తూకం వేయనక్కరలేదు. కలప లెక్క తెలిసిన వారికి ఇది సులువే. ఘనపుటడుగు టేకు సుమారు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, అంగుళంపావు మందం గల తలుపులో దాదాపు 2.2 ఘనపుటడుగుల కలప ఉంటుంది. అంటే 40 కిలోల పైచిలుకు. మద్ది కలప అయితే ఇంకా ఎక్కువ.

క్లోజర్ పెట్టె మీద బలాన్ని తెలిపే అంకె ఉంటుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం 2వ అంకె 85 సెంటీమీటర్ల వెడల్పు, 40 కిలోల బరువు వరకు, 3వ అంకె 95 సెంటీమీటర్లు, 60 కిలోల వరకు, 4వ అంకె 110 సెంటీమీటర్లు, 80 కిలోల వరకు పనికొస్తాయి. వెడల్పు ఒక అంకెకు, బరువు మరో అంకెకు సరిపోతే పెద్ద అంకెనే తీసుకోవాలి. మన దేశంలో ఈ సామానుకు ఐ.ఎస్. 3564 అనే ప్రమాణం ఉంది. ఆ ముద్ర ఉందేమో అడిగి చూడటం మంచిది.

బలమైనది కొంటే చాలు, అన్ని తలుపులకూ పనికొస్తుందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. బలం ఎక్కువైతే తలుపు తీయడానికి ముసలివారు, పిల్లలు, చంకన బిడ్డ ఉన్న తల్లులు అవస్థపడతారు. ఒంటి చేత్తో తీయగలిగినదే ఇంటికి తగిన తలుపు.

పాతకాలపు రెండు రెక్కల తలుపులున్న ఇళ్ళలో మరో మాట గుర్తుంచుకోవాలి. ఒక రెక్క అంచు రెండో దాని మీదికి వచ్చేలా ఉంటే, రెండింటికీ క్లోజర్లు పెట్టినా ముందు వెనుకలు తప్పి సరిగా మూతపడవు. ఒక రెక్కకు గొళ్ళెం వేసి ఉంచి, రెండో రెక్కకు మాత్రమే క్లోజర్ పెట్టుకోవడం మేలు.

ముందు తలుపు, తర్వాతే క్లోజర్

బిగించే ముందు తలుపును పరీక్షించాలి. వేలితో నెడితే ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. ముసురు రోజుల్లో చెక్క ఉబ్బి దర్వాజాకు పట్టేస్తుంది. అలాంటప్పుడు చిత్రిక పట్టి సరిచేయాలి గాని, క్లోజర్ బలంతో మూయించాలని చూడరాదు. బందుల మేకులు వదులైతే బిగించాలి. దర్వాజా పైకమ్మీకి చెద పట్టి ఉంటే అక్కడ మర నిలవదు. పాడైన చెక్క తీసి కొత్త ముక్క అతికించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. లోపల బోలుగా ఉండే తలుపులకు క్లోజర్ వచ్చే చోట గట్టి చెక్క ఉందో లేదో చూసుకోవాలి.

క్లోజర్‌తో పాటు నమూనా కాగితం వస్తుంది. దాన్ని పారేయకూడదు. తలుపుకు అంటించి, గుర్తుల మీదే బర్మాతో సన్నని రంధ్రాలు వేసి, మరలు బిగించాలి. తలుపు లోపలికి లాగే వైపు బిగించే పద్ధతి వేరు, బయటికి నెట్టే వైపు పద్ధతి వేరు. సర్దుబాటు మరలున్న కొస ఎటు ఉండాలో ఆ కాగితం మీదే ఉంటుంది. తిరగేసి బిగిస్తే తలుపు మూసుకోదు. లాగే వైపు బిగించినప్పుడు, తలుపు మూసి ఉండగా రెండో చేతికమ్మీ దర్వాజాకు నిటారుగా ఉండేలా పొడవు సరిచేయాలి. అప్పుడే చివర గొళ్ళెం పడేటంత ఊపు వస్తుంది.

వేగం సరిచేయడం

చాలా క్లోజర్లకు రెండు మరలుంటాయి. ఒకటి తలుపు మొత్తం ప్రయాణానికి, రెండోది చివరి జానెడు దూరానికి. సాధారణంగా కుడివైపు తిప్పితే వేగం తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఒక్కసారి పావు చుట్టు మించి తిప్పరాదు. తిప్పిన ప్రతిసారీ తలుపు తీసి వదిలి చూడాలి. ముందు మొదటి మర, ఆ తర్వాతే రెండోది. పూర్తిగా తీసిన తలుపు మూతపడటానికి 5 నుంచి 7 సెకన్లు పడితే బాగుంటుంది. ముసలివారు, రోగులు వచ్చే చోట ఇంకా నిదానంగా ఉండాలి. మరను అదేపనిగా ఎడమకు తిప్పితే ఊడివచ్చి నూనె చిమ్ముతుంది. ఆ క్లోజర్ ఇక పనికిరాదు.

ఎండలు ముదిరితే నూనె పలచబడి తలుపు వేగంగా, చలికాలంలో చిక్కబడి మెల్లగా మూసుకోవచ్చు. క్లోజర్ చెడిందని కంగారుపడనక్కరలేదు. మరను కొద్దిగా సరిచేస్తే చాలు.

పెట్టె కింద నూనె మరక కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయరాదు. నూనె పోయిన క్లోజర్‌లో స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. పగ్గం తెగిన ఎద్దులా తలుపు వచ్చి కొడుతుంది. మార్చేదాకా చేతికమ్మీ ఊడదీసి ఉంచడం క్షేమం. నేల మీద పడిన నూనెను కూడా తుడిచేయాలి. లేకుంటే కాలు జారుతుంది.

పిల్లలున్న చోట

క్లోజర్ ఉంది గదా అని పిల్లలను తలుపు దగ్గర వదిలేయకూడదు. తలుపు నెమ్మదిగా మూసుకున్నా బందుల వైపు సందులో పడిన వేలు నలగక మానదు. అంగన్‌వాడీలలో, చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఆ సందుకు రబ్బరు పట్టీయో మందపాటి గుడ్డో కొట్టించడం అవసరం.

తలుపు తెరిచి ఉంచాలంటే ఇటుకో బండరాయో అడ్డం పెట్టడం చాలాచోట్ల అలవాటు. రాయి జరిగిన రోజు ప్రమాదమే. తెరిచిన చోట నిలబడే ఏర్పాటున్న చేతికమ్మీలు దొరుకుతాయి. అవసరమైన వారు అవి కొనుక్కోవాలి. అయితే జాలీ తలుపుకు మాత్రం అది పెట్టించుకోకూడదు. నిలబెట్టే వీలుంటే తలుపు తెరిచే ఉంటుంది, దోమకు దారి దొరికినట్టే.

ఆరు నెలలకొకసారి మరలు బిగించి, చేతికమ్మీ కీళ్ళలో రెండు చుక్కల నూనె వేసి, వేగం ఒకసారి చూసుకుంటే క్లోజర్ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. దానికి పట్టేది పది నిమిషాలు.